పాస్టరు కావాలనిపిస్తోందా? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్నలు ఎవరూ మైకులో అడగరు. ఆరాధన అయిపోయి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు ఒక కుర్రాడు పక్కకొచ్చి, "అయ్యగారూ, ఒక్క నిమిషం" అంటాడు. ఆ ఒక్క నిమిషాల్లో విన్నవాటినే ఇక్కడ రాశాను. నేను బాప్టిస్టు సంఘ కాపరిని, ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. ఇది ఏ సంఘం తరఫునా అధికారికంగా చెబుతున్నది కాదు.

నాకు నిజంగా దేవుని పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చాలామంది కల వచ్చిందని మొదలుపెడతారు. కలలను నేను కొట్టిపారేయను. కాకపోతే కల విన్నాక తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను: మీరు నోరు విప్పకముందే సంఘంలో ఎవరైనా మీతో ఈ మాట అన్నారా?

సమూయేలు కథ మనకు సండేస్కూల్లోనే వచ్చు. పిల్లాడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. పిలుస్తున్నది ఎవరో పిల్లాడికి తెలియలేదు, చూపు మందగించిన ముసలాయనకు తెలిసింది. పిలుపు ఒకరికి వస్తుంది, దాన్ని గుర్తుపట్టేది చాలాసార్లు ఇంకొకరు.

నా సంగతి చెబుతాను. అప్పటికి నేను సండేస్కూలు చెబుతూ ఒక బట్టల షాపులో లెక్కలు రాసేవాణ్ణి. మా సంఘంలో ఒక ముసలమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో పడుకుంది. సాయంత్రాలు షాపు కట్టేశాక వెళ్లి కూర్చునేవాణ్ణి. వాక్యం చెప్పడానికి కూడా కాదు, కోడలు అన్నం తేవడానికి ఇంటికెళ్తే కాపలాగా. ఒకరోజు ఆవిడ స్టీలు గ్లాసులో హార్లిక్సు ఊదుకుంటూ, "పెద్ద పాస్టరు గారొస్తే నిద్దరోయినట్టు పడుకుంటాను, నువ్వొస్తే లేచి కూకుంటాను. ఎందుకో నువ్వే చెప్పు" అంది. నవ్వేశాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాబట్టి నా సలహా: ఒక ఏడాది పాటు మైకు ముట్టుకోకండి. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లండి, సమాధుల తోటలో గొయ్యి తవ్వేటప్పుడు పార పట్టుకోండి, కూటం అయ్యాక చాపలు దులిపి చుట్టండి. ఏడాది తర్వాత కూడా ఆ కోరిక అలాగే ఉంటే అప్పుడు పెద్దలతో మాట్లాడండి. చల్లారిపోతే అందులో తప్పేం లేదు, సంఘానికి ఒక మంచి డీకను (సంఘ పనుల్లో సాయపడే పెద్ద) దొరికినట్టే.

బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పాను. ఉద్యోగం రాక ఇటు వస్తున్నానేమో అని టెన్షన్‌గా ఉంది.

ఆ అనుమానం మీకే వచ్చింది కాబట్టి నాకు మీ మీద భయం లేదు. రానివాళ్ల మీదే ఉంది. మూడోసారి కూడా పరీక్ష రాయండి. పాసై కూడా ఇటే రావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

అభిషేకం (కాపరిగా అధికారికంగా నియమించడం) దాకా దారి ఎలా ఉంటుంది?

మీరు ఏ సంఘంలో ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. మన ప్రాంతంలో మూడు నాలుగు దారులున్నాయి.

పర్లాకిమిడి వైపు తెలుగు సంఘాల్లో చాలావాటికి మూలం కెనడియన్ బాప్టిస్టు మిషన్. 1874లో కాకినాడలో మొదలై పైకి పాకి ఇక్కడిదాకా వచ్చింది. బాప్టిస్టుల్లో అసలు అధికారం స్థానిక సంఘానిదే. ముందు సంఘం మిమ్మల్ని సిఫారసు చేయాలి. తర్వాత బైబిలు చదువు, ఆ తర్వాత ఒక సీనియర్ కాపరి కింద కొన్నేళ్ల పని. చివర్లో పాస్టర్లు, పెద్దలు కూర్చుని మీ సాక్ష్యం, మీ పిలుపు, మీ సిద్ధాంతం మూడింటినీ పరీక్షిస్తారు. నన్ను త్రిత్వం గురించి అడుగుతారని రాత్రంతా బట్టీ పట్టి వెళ్లాను. ఒక పెద్దాయన అడిగింది ఇది: "నీ సంఘంలో ఇద్దరు అన్నదమ్ములకు పొలం గట్టు తగాదా ఉంది. ఇద్దరూ ఒకే ఆదివారం బల్ల దగ్గరికొచ్చారు. ఏం చేస్తావు?" బల్ల అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. నాకు చెమటలు పట్టాయి. ఇప్పటికీ దానికి మంచి జవాబు నా దగ్గర లేదు.

కోరాపుట్, జయపురం వైపు లూథరన్లు ఎక్కువ. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి మిషనరీలు 1882లో వచ్చారు, ఇప్పటి జయపురం లూథరన్ సంఘం ఆ పని నుంచి వచ్చిందే. అక్కడ మిమ్మల్ని ఒక్క ఊరి సంఘమే కాదు, మొత్తం సంఘ పాలకవర్గం పంపాలి. 1970లో నాగపూర్‌లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో బిషప్పు, డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఉంటాయి. ఊరి పాస్టరేట్ సిఫారసు, డయోసిస్ ఇంటర్వ్యూ, కాలేజీ, ఆపై డీకన్ (ఇక్కడ ఇది అభిషేకంలో మొదటి మెట్టు), ఆ తర్వాతే ప్రెస్బిటర్, అంటే పూర్తి కాపరి. డీకన్‌గా ఉన్న కాలంలో సొంతంగా బల్ల ఇవ్వకూడదు. కొంతమంది కుర్రాళ్లకు అది చిన్నతనంగా అనిపిస్తుంది. నాకైతే అది మంచి ఏర్పాటే అనిపిస్తుంది.

ఎక్కడ చదవాలి? ఎన్నేళ్లు?

మన దేశంలో ప్రధాన సంఘాలు ఎక్కువగా చూసేది సెరంపూర్ సెనేట్ (వేదాంత కాలేజీలకు డిగ్రీలిచ్చే సంస్థ) కింద ఇచ్చే బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ డిగ్రీ. సెరంపూర్ కాలేజీ 1818లో విలియం కేరీ, ఆయన తోటి మిషనరీలు పెట్టింది. బీడీ సాధారణంగా డిగ్రీ ఉన్నవాళ్లకు నాలుగేళ్లు, ఇంటర్ మీద చేరితే ఐదేళ్లు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, ఇతర మతాలు, కౌన్సెలింగ్, ఇవిగాక గ్రీకు, హీబ్రూ. గ్రీకు అంటే బెదిరిపోకండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర (ఇక్కడి గిరిజనుల భాష) మాట్లాడి పెరిగిన పిల్లలకు నాలుగో భాష పెద్ద లెక్క కాదు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలకు. అది 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారింది. ఒడియా బాగా వస్తే దగ్గర్లోనే గోపాల్‌పూర్‌లో ఒరిస్సా క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది. ఉద్యోగం మానకుండా ముందు రుచి చూడాలంటే సెరంపూర్ వాళ్ల దూరవిద్య బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) చేయండి. అది ఒక్కటే అభిషేకానికి సరిపోకపోవచ్చు, కానీ ఈ చదువు మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చేస్తుంది.

నాకు తెలుగు తప్ప వేరే భాషలో ప్రార్థన చేయడం రాదు. తెలుగు సంఘానికే పని చేస్తే చాలదా?

ఈ ప్రశ్న వింటే నాకు ఒక సమాధి కార్యక్రమం గుర్తొస్తుంది. చనిపోయినాయన తెలుగువాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. భార్య సెరంగో వైపు సవరమ్మాయి. అల్లుళ్లిద్దరూ ఒడియావాళ్లు. నేను కొత్త. మంచి తెలుగులో, ఎక్కడా తడబడకుండా ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ మట్టికుప్ప పక్కన కూర్చుని గొయ్యినే చూస్తోంది, ఒక్క మాట చెవికెక్కినట్టు లేదు. చివర్లో మా సంఘంలో సవర డీకను ఒకాయన వంగి ఆవిడ చెవిలో రెండు వాక్యాలు అన్నాడు. అప్పుడు ఏడ్చింది. ఇరవై నిమిషాల్లో నేను చేయలేనిది ఆయన రెండు వాక్యాల్లో చేశాడు. మర్నాడు బజారుకెళ్లి ఒడియా మొదటి వాచకం కొన్నాను. ఒడియా అక్షరాలు తలో గొడుగు వేసుకుని వరసలో నిలబడ్డట్టుంటాయి. ఏది ఎవరో పోల్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. సవర ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే వచ్చు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీత కాగితం మీద పడింది గానీ ఇళ్ల మధ్య పడలేదు. మన సంఘాల్లో అత్తగారిది ఒక భాష, కోడలిది ఇంకొకటి. కాపరికి కనీసం ఒడియాలో ప్రార్థన చేయడం, పలకరించడం, దరఖాస్తు రాయడం రావాలి. పిల్లలందరూ ఒడియా, ఇంగ్లీషు బడుల్లోనే చదువుతున్నారు. వాళ్లకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. పదేళ్ల తర్వాత మీ ఎదురుగా కూర్చునేది వాళ్లే.

ఇంకో మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ, వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. అలాంటి ఊళ్లో నిలబడి "ప్రియులారా, మీరెరుగుదురు గదా" అని ప్రసంగం మొదలుపెట్టడం నాకు నవ్వు తెప్పిస్తుంది. పాత బైబిలు తెలుగు చదివేటప్పుడు గంభీరంగానే ఉంటుంది, ఉండనివ్వండి. మీరు మాట్లాడేటప్పుడు మాత్రం మీ అమ్మతో మాట్లాడే తెలుగులో మాట్లాడండి.

సరిహద్దు దాటడం మనకు కొత్తా? తెలుగు క్రైస్తవ కీర్తనలకు పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టింది పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో. తాతలనాడు బెంగాల్ నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. 1833లో బాప్తిస్మం తీసుకున్నది కటక్‌లో. పాటలు కట్టింది తెలుగులో.

అభిషేకం అయితే పెళ్లిళ్లు చేయించే హక్కు దానంతట అదే వస్తుందా?

అందరికీ రాదు. ఈ సంగతి తెలియక ఇరుక్కున్నవాళ్లున్నారు, కాస్త శ్రద్ధగా చదవండి.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందినవాళ్లు తమ సంఘ పద్ధతిలో పెళ్లి చేయించవచ్చు. మనలాంటి బాప్టిస్టు కాపరులకు, ఇండిపెండెంట్ సంఘాల వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు ఏ రాష్ట్రం ఇస్తే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో పోయేంత దూరమే. అయినా ఒడిశా లైసెన్సుతో అక్కడ పెళ్లి చేయిస్తే కుదరదు. బంధువులు బతిమాలతారు, "ఏటవుద్ది అయ్యగారూ" అంటారు. అటువైపు లైసెన్సున్న కాపరిని పిలిచి మీరు పక్కన నిలబడి ప్రార్థన చేయండి.

సమయం కూడా చట్టంలో ఉంది. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలి. మినహాయింపులున్నాయి గానీ అవి మాలాంటివాళ్లకు వర్తించవు. ఒకసారి మెళియాపుట్టి నుంచి పెళ్లివారి బస్సు దారిలో ఆగిపోయి సాయంత్రం 6.20కి దిగారు. పెళ్లికూతురు మధ్యాహ్నం నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, జడలో పూలు వాడిపోయాయి. ప్రసంగం మూడు నిమిషాల్లో ముగించాను. ప్రమాణాలు చేయిస్తూ ఒక కన్ను గోడ గడియారం మీదే. 6.52కి భార్యాభర్తలని ప్రకటించాను. అప్పుడు రిజిస్టరులో సంతకాలు పెడదామంటే పెళ్లికొడుకు మేనమామ పెన్ను రాయలేదు, అరచేతి మీద గీసి గీసి చూశాడు. "పాస్టరు గారు పెళ్లి తుఫానులా చేసేశారు" అని ఇప్పటికీ ఆ కుటుంబం ఎత్తిపొడుస్తుంది. ఆ రోజు నుంచి రిజిస్టరు సంచిలో రెండు పెన్నులు ఉంటాయి.

వేరే మతం నుంచి వచ్చినవాళ్లకు బాప్తిస్మం ఇస్తే కేసు అవుతుందా?

పద్ధతి పాటించకపోతే అవుతుంది. ఒడిశాలో 1967 నుంచి మత స్వాతంత్ర్య చట్టం ఉంది, 1977లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. బలవంతం చేసి, ఆశ పెట్టి, మోసం చేసి మతం మార్చడం నేరం. ఆ చట్టంలో ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా రాసి ఉన్నాయి. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీల విషయంలో రెండేళ్లు, 10,000. 1989 నిబంధనల ప్రకారం మారే వ్యక్తి మేజిస్ట్రేటు ముందు తన ఇష్టంతోనే మారుతున్నానని చెప్పాలి, ఆ కార్యక్రమం జరిపించే కాపరి 15 రోజుల ముందే తేదీ, సమయం, చోటు, పేర్లతో జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

సంఘంలో పుట్టి పెరిగిన పిల్లలకిచ్చే బాప్తిస్మం సంగతి వేరు, అది మతం మార్పిడి కాదు. అయినా బాప్తిస్మం రిజిస్టరు శుభ్రంగా రాయండి. తొందరపడి నదిలో ముంచి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టే కుర్రాళ్లను చూస్తే నాకు వాళ్ల కంటే, బాప్తిస్మం తీసుకున్న ఆ పేదవాడి గురించే బెంగ. పోలీసులొస్తే కుర్రాడు బస్సెక్కి పోతాడు, అతను అదే ఊళ్లో ఉండాలి.

పాస్టరునైతే నా ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

చాలా ఇళ్లలో గుసగుసగా అడిగే ప్రశ్న ఇది, సూటిగానే చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. పాస్టరుగా పని చేస్తూ ఎస్సీ హోదా ఉందనుకోవడం చెల్లదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులోనే చెప్పింది. ఎస్టీలకు ఈ చిక్కు లేదు, మతంతో ఆ హోదా పోదు. ఆంధ్రలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు బీసీ-సి ఉంది గానీ, ఒడిశాలో ఉంటున్న మనకు అది పనికిరాదు.

ఈ ఉత్తర్వు న్యాయమైనదని నేను అనను. మా వీధిలో కులం ఏ మతంతోనూ చెరిగిపోలేదు. కానీ కాగితం మీద ఒక మాట, గుడిలో ఒక మాట పెట్టుకుని కాపరి పని చేయలేరు. ఇంట్లో చెల్లెలి చదువు, అన్న ఉద్యోగం వీటితో ముడిపడి ఉంటే ముందే కూర్చుని మాట్లాడుకోండి.

జీతం ఎంత ఉంటుంది?

తక్కువ. డయోసిస్‌లో, పెద్ద సంఘాల్లో స్కేలు ఉంటుంది. ఊరి సంఘాల్లో కానుకను బట్టే. నా మొదటి సంఘంలో నెలకు 3,500, పైగా ఆడవాళ్లు వండేటప్పుడు పక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యం. ఆ బియ్యం అన్ని ఇళ్లవీ కలిసి వచ్చేవి, ఒక గింజ సన్నం, ఒక గింజ దొడ్డు. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దయ్యేది. మా ఆవిడ వాటిని అట్లకు రుబ్బడం నేర్చుకుంది. విదేశీ డబ్బు మీద ఆశ పెట్టుకుని రావద్దు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళం ఇంకో సంస్థకు పంచిపెట్టడం కుదరదు. అప్పు ఉంటే తీర్చుకుని రండి. సంఘపెద్ద దగ్గర అప్పు చేసిన కాపరి ఆ ఇంట్లో తగాదా వస్తే తీర్పు చెప్పలేడు.

ఆడవాళ్లకు అవకాశం ఉందా?

ఉంది, అన్ని సంఘాల్లో కాదు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, తెలుగమ్మాయి. మన ఒడిశాలోనే ఫుల్బనీ డయోసిస్‌కు 2024లో వయొలెట్ నాయక్ గారు బిషప్పు అయ్యారు, చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో మొదటి మహిళా బిషప్పు. బాప్టిస్టుల్లో ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంది. "బైబిలు స్త్రీగా (ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే ఆవిడగా) ఉండు, చాలు" అని సర్దిచెబుతారు. అమ్మా, ఆ మాట అన్నవాళ్ల ఇళ్లలో పురిటి గదిలోకి, ఏడుపు గదిలోకి ఇన్నేళ్లూ వెళ్లింది ఎవరో అడుగు.

అమ్మానాన్న ఒప్పుకోవడం లేదు. 2008 సంగతులు ఎత్తుతున్నారు.

ఎత్తుతారు. 2008 ఆగస్టులో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులకు పారిపోయి వచ్చినవాళ్లను చూసిన తరం వాళ్లది. వాళ్ల భయానికి అర్థం ఉంది, విశ్వాసం లేకపోవడం అని దానికి పేరు పెట్టకండి. వాళ్లను మీ పాస్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. పాస్టరు కంటే ఆవిడే ఉన్నదున్నట్టు చెబుతుంది. పెళ్లి కావలసిన కుర్రాళ్లకూ ఇదే చెబుతాను: పిల్లను చూసేటప్పుడే చెప్పండి, పెళ్లయ్యాక "ప్రభువు పిలిచాడు" అని ఆ అమ్మాయి మీద పడేయకండి.

ఆన్‌లైన్‌లో డబ్బు కడితే ఆర్డినేషన్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. పనికొస్తుందా?

ఫ్రేము కట్టించుకోవడానికి.

నేను కేథలిక్కుని. నాకూ ఇదే దారా?

కాదు. మీది పెళ్లి లేని జీవితం, సెమినరీ చదువు పదేళ్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ ప్రాంతానికి బరంపురం డయోసిస్ 1974లో వచ్చింది, దాని నుంచి 2016లో రాయగడ డయోసిస్ వేరైంది. మీ విచారణ గురువు గారిని అడిగితే పిలుపుల బాధ్యత చూసే ఫాదర్ దగ్గరికి పంపుతారు.

తెల్ల అంగీ ఎక్కడ కుట్టించుకోవాలి?

నవ్వకండి, ప్రతి ఒక్కరూ చివరికి ఇదే అడుగుతారు. రెడీమేడ్ కొనొద్దు, మన ఎండలకు ఆ గుడ్డ ఊపిరాడనివ్వదు. కాటన్ గుడ్డ కొని మీ ఊరి దర్జీకే ఇవ్వండి. జేబులు లోతుగా పెట్టమనండి, పాటల పుస్తకం, కళ్లజోడు, పెన్ను పట్టాలి. నడుం దగ్గర కుట్టు లోపల రెండంగుళాలు వదలమని గట్టిగా చెప్పండి. ఏ ఇంటికెళ్లినా తినకుండా పంపరు. నాది ఇప్పటికి రెండుసార్లు విప్పించాను.